చిల్లి లేని సున్నా

"తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి ఈ అమ్మాయి మెడలో తప్ప ఇంకెక్కడా లేదు. లోపలున్న ఇరవై రెండు వాయిద్యాలూ మాయం. దీనికి డిటెక్టివ్ ఎందుకు చెల్లెమ్మా? కూడికలు వచ్చినవాళ్ళు ఎవరైనా చాలు."

ఈ మాటలన్నది మా నాన్న. ఎవరితో అంటే మా అత్తగారితో. అప్పుడు టైము ఉదయం పది గంటల పది నిమిషాలు.

నా అవస్థ ముందే చెప్పేస్తాను. మా నాన్న పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు. మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఏళ్ళు ఊరందరి గొంతులూ విని రిటైరై, సరిగ్గా ఆయన బోర్డుకి ఎదురుగా ఇంకో బోర్డు కట్టుకున్నారు. నేను దర్జీని. కేసు తగిలినప్పుడల్లా మెడలో టేపు కూడా తీయకుండా అత్తగారి వెనక టార్చి పట్టుకుని నడుస్తాను, ఎందుకంటే నా భార్య ఆజ్ఞ అలాంటిది. ఈ విషయంలో మా నాన్న నన్ను ఇంతవరకూ క్షమించలేదు.

"కూడికలు నాకూ వచ్చు అన్నయ్యగారూ" అన్నారు అత్తగారు తియ్యగా. "కానీ అన్నీ కూడే ముందు ఒకసారి తీసివేత కూడా చేసి చూద్దాం."

వాళ్ళిద్దరూ అన్నయ్యగారూ, చెల్లెమ్మా అనుకుంటున్నారంటే కత్తులు దూస్తున్నారని అర్థం.

కేసు ఇదీ. బ్యాండ్ మాస్టారు నెల కిందట కూతుర్ని పంపి ఒక పాత షిప్పింగ్ కంటైనర్ కొనిపించారు. ప్రాక్టీసు హాలు వెనక పెరట్లో నాలుగు సిమెంటు దిమ్మల మీద ఆ ఇనప డబ్బాని పెట్టించి, వాయిద్యాలన్నీ అందులో దాచుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన కూతురు దానికి తాళం వేసింది. సాయంత్రం నాలుగింటికి తీసేసరికి లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఇవాళ సాయంత్రం ఐదింటికి కొత్త పార్కు ప్రారంభం. నలభై ఏళ్ళుగా బ్యాండుని నడిపించిన కొసన వెండి పొన్ను తొడిగిన కర్రని మాస్టారు అక్కడే, జనం ముందు, కూతురి చేతిలో పెట్టాలి.

ఇప్పుడు ఆ కూతురే దొంగ అంటున్నాడు మా నాన్న. కంటైనర్ అమ్మిన యార్డు ఓనరు, తన సరుకులో లోపం లేదని రుజువు చెయ్యమని ఆయన్ని పెట్టుకున్నాడు. "మూడు గంటల వరకూ టైమిస్తున్నా. ఆ తర్వాత అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తా" అని వాచీ చూసుకున్నాడు నాన్న.

మాస్టారి అమ్మాయి ఏడవలేదు. పాతికేళ్ళుంటాయి, ట్రంపెట్ వాయించే పిల్ల, ఊపిరి గట్టిది. మాస్టారు మాత్రం మెట్టు మీద కూలబడి, కర్రని ఒళ్ళో పెట్టుకుని, ఆ పొన్నుని తుడుస్తూనే ఉన్నారు. ఆయన్ని చూడలేక తల తిప్పుకున్నాను. ఆ బ్యాండు యూనిఫారాలు కుట్టేది నేనే మరి.

అత్తగారు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఈ డబ్బానే ఎందుకు కొన్నావమ్మా?"

"వెలుతురు పరీక్ష చేసి కొన్నానండీ. పాత కంటైనర్ కొనేటప్పుడు లోపలికెళ్ళి తలుపులు మూయించుకోవాలి. చీకట్లో ఎక్కడ చిల్లుంటే అక్కడ వెలుతురు చుక్క కనపడుతుంది. మిగతావాటికి పదేసి పదిహేనేసి చిల్లులున్నాయి. దీనికి ఒక్కటే, కప్పులో. దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టాను, యార్డువాళ్ళు పూడుస్తారని."

"పూడ్చారా?"

"నేనే వద్దన్నా." అమ్మాయి ముఖంలో మొదటిసారి నవ్వు కదిలింది. "మిట్టమధ్యాహ్నం అందులోంచి సన్నటి వెలుతురు నిటారుగా కిందికి దిగుతుంది. అది నేల మీద పడగానే ప్రాక్టీసు ఆపి భోజనాలకి లేస్తాం. వానొచ్చినా, తాళం వేసి వెళ్ళినా ఓ బిరడా పెట్టేస్తాం. మా వాళ్ళకి అదే గడియారమండీ."

"ఓనరే అమ్మాడా?"

"ఆయన ఊళ్ళో లేరు. గుమస్తా అమ్మాడు. ఆయన తిరిగొచ్చిన మర్నాడే పరిగెత్తుకొచ్చి, చిల్లు లేనిది కొత్తది ఇస్తాను, ఇది వెనక్కిచ్చేయమన్నారు. పైసా అక్కర్లేదన్నారు. ఎంత మంచివారో అనుకున్నా. కానీ గడియారాన్ని ఎవరైనా వదులుకుంటారా?"

అత్తగారు నా వైపు చూడకుండా చెయ్యి చాపారు. నేను పిప్పరమెంటు బిళ్ళ పెట్టాను. ఎక్కడో అబద్ధం వాసన తగిలితే తప్ప ఆవిడ బిళ్ళ అడగరు.

"ఆ తర్వాత యార్డు నుంచి ఎవరైనా వచ్చారా?"

"పోయిన మంగళవారం పెయింటరు వచ్చాడండీ. తుప్పు మచ్చలకి రంగు వేస్తానన్నాడు. రెండు గంటలు లోపలా బయటా తిరిగి నోటుబుక్కులో ఏవో బొమ్మలేసుకుని, ఒక్క మచ్చకి కూడా రంగు వెయ్యకుండా వెళ్ళిపోయాడు."

"నిన్న పన్నెండు నుంచి నాలుగు దాకా మీ బ్యాండువాళ్ళంతా ఎక్కడున్నారు?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. "నా కొట్లో అత్తయ్యా. ఇరవై రెండు ప్యాంట్లు తొడిగి చూడాలిగా. నాలుగు దాకా ఒక్కడూ కదల్లేదు."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు అల్లుడుగారూ?"

"బ్యాండువాళ్ళకి, నాకు..." అని ఆగాను. ఆదివారం భోజనాల దగ్గర నాన్నకి కూడా చెప్పాను. అత్తగారు అప్పటికే అటు తిరిగారు.

"అన్నయ్యగారూ, మీరు పొద్దున వాకింగ్‌కి ఎవరితో వెళ్తారు?"

"ఎవరితో వెళ్తే ఏం? యార్డు ఓనరుతో వెళ్తా. అయితే?"

"అల్లుడుగారి కొట్లో ప్యాంట్ల సంగతి ఆయనతో అన్నారా?"

మా నాన్న మీసం ఒక వైపు కదిలి ఆగిపోయింది. "అదీ... మాటల్లో వచ్చింది. మావాడు ఇరవై రెండు యూనిఫారాలు ఒంటి చేత్తో కుడుతున్నాడు, ఊళ్ళో ఇంకే దర్జీ వల్లా కాదు అని... ఏదో మామూలుగానే అన్నాలే."

ముప్పై నాలుగేళ్ళ నా జీవితంలో మా నాన్న నన్ను పొగిడాడని వినడం అదే మొదటిసారి. కేసు సంగతి కాసేపు మరిచిపోయాను.

"అల్లుడుగారూ, టార్చి" అన్నారు అత్తగారు.

కంటైనర్ దగ్గర ముందు ఆవిడ వంగి దిమ్మలు చూశారు. దిమ్మల మీద తుప్పు నీళ్ళు దిగి చదరంగా మరకలు పడ్డాయి. డబ్బా మూలలు మాత్రం ఆ మరకల మీద లేవు. నేను టేపు పెట్టి కొలిచాను. ఐదంగుళాలు పక్కకి జరిగి ఉన్నాయి.

"నిన్నటి దొంగల లారీ వెనక్కి వచ్చి గుద్ది ఉంటుంది" అన్నాడు నాన్న. "టైరు గుర్తులు నేనెప్పుడో చూశా."

"అలాగే కానివ్వండి" అని అత్తగారు తలుపు దగ్గరికి వచ్చారు. తాళం గడియకి ఉంది, బుద్ధిగా వేలాడుతోంది. గడియని తలుపుకి బిగించినచోట నా చూపు ఆగింది. బట్ట పాతదై దారం కొత్తదైతే దర్జీకి చెప్పక్కర్లేదు. తలుపంతా పాత రివిట్లు, తుప్పు రంగు. గడియకి మాత్రం రెండు బోల్టులు, మెరుస్తున్న నట్లు.

"అత్తయ్యా, ఇక్కడ కుట్టు విప్పి మళ్ళీ కుట్టారు."

"శభాష్. తాళం తీయడమెందుకు, తాళంతో సహా గడియనే ఊడదీస్తే పోలా?"

నాన్న ముఖం కొంచెం మాడింది గానీ వెనక్కి తగ్గలేదు. "సరే, బోల్టు ఊడదీసి దోచారు. అది కూడా లోపలివాళ్ళ పనే కావచ్చుగా?"

"లోపలికి రండి అన్నయ్యగారూ."

ముగ్గురం ఎక్కాం. టార్చి వెలుతుర్లో కప్పు మీద తెల్లటి సున్నా కనిపించింది, అమ్మాయి చెప్పిన చోటే. అత్తగారు బయటికి కేకేశారు. "తలుపులు మూసెయ్యమ్మా!"

తలుపులు ధడాలున మూసుకున్నాయి. టార్చి ఆర్పాను. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. బయట మండుతున్న ఎండ. లోపల ఒక్క చుక్క వెలుతురు లేదు.

"చిల్లి ఏదండీ?" అంది అత్తగారి గొంతు.

"పూడ్చి ఉంటారు" అంది నాన్న గొంతు, అంత గట్టిగా కాదు.

టార్చి వెలిగించాక, నన్ను పైకెత్తమని అత్తగారు నాన్నకి చెప్పారు. నాన్న చేతులు జోడించి మెట్టు చేశాడు, నేను దాని మీద కాలేసి పైకి లేచి సున్నా లోపల వేలితో తడిమాను. రేకు నున్నగా ఉంది, అతుకు లేదు, వెల్డింగ్ బొడిపె లేదు. సున్నాని గట్టిగా రుద్దాను. సుద్ద అయితే చేతికంటాలి. వేలు శుభ్రంగా ఉంది.

"ఇది సుద్ద కాదు అత్తయ్యా, పెయింటు!"

అత్తగారు చప్పట్లు కొట్టారు, చిన్నపిల్లలా. "లేని చిల్లికి సున్నా చుట్టాడు మహానుభావుడు! అన్నయ్యగారూ, ఈ డబ్బాలోంచి ఒక్క వాయిద్యం కూడా పోలేదు. ఈ డబ్బాలో వాయిద్యాలు ఎప్పుడూ లేవు. ఎత్తుకెళ్ళింది సామాన్లని కాదు, డబ్బానే. దాని కవల పిల్లని ఇక్కడ పెట్టి వెళ్ళారు."

బయటికి రాగానే మాస్టారు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. అమ్మాయి ఒక్క గంతు వేసింది. నాన్న మాత్రం "ఊహలు! నేనే వెళ్ళి ఓనర్ని అడుగుతా" అని స్కూటరెక్కాడు. అది మొరాయించింది. అత్తగారూ నేనూ ఆటోలో యార్డుకి వెళ్ళిపోయాం.

పదకొండు గంటల నలభై నిమిషాలు. యార్డులో కంటైనర్లు అల్మారాలో బట్టల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఓనరు ఆఫీసులో లేడు. ఒక పెయింటరు నిచ్చెన మీద కూర్చుని ఒక డబ్బా తలుపు మీద నంబరు రాస్తున్నాడు. నాలుకని మూతి పక్కకి పెట్టి, ప్రపంచాన్ని మరిచిపోయి రాస్తున్నాడు.

నేనైతే గదమాయించేవాణ్ణి. అత్తగారు నిచ్చెన కింద నిలబడి నిట్టూర్చారు.

"బ్యాండువాళ్ళ డబ్బాలో ఆ సున్నా మీరే వేశారా నాయనా? ఎంత గుండ్రంగా ఉందో!"

పెయింటరు బ్రష్షు ఆపాడు. "మీరు చూశారామ్మా? ఎవరూ చూడరు! దారం కట్టి తిప్పలేదు, మూత పెట్టి గీయలేదు. ఉత్త చేత్తో వేశా!"

"మంగళవారం వచ్చి చూసుకుని, బుధవారం వేశారేమో?"

"బుధ, గురు. ఓనరుగారు ఉన్నది ఉన్నట్టు దించమన్నారు, లోపలా బయటా, ఒక్క గీత తేడా రాకూడదన్నారు. షోకేసులో పెట్టుకుంటారట. నంబరు దించా, తుప్పు మరకలు దించా, ఎడం పక్క సొట్టలు సుత్తితో కొట్టి మరీ దించా. కప్పు మీద ఆ సున్నా ఎందుకో అర్థం కాలేదు. అయినా మనకెందుకు, ఉంది కాబట్టి దించా."

"మరి సున్నాలో చిల్లి?"

"చిల్లా?" పెయింటరు బిక్కమొహం వేశాడు. "నేను చూసిన రోజు అందులో బిరడా ఉందమ్మా, రంగులో కలిసిపోయి. మంగళవారం చిరుజల్లు పడుతోందిగా... అయ్యో, ఒక్క గీత తేడా రాకూడదన్నారే!" అతని బాధ నిజమైన బాధ. పనివాడి బాధ నాకు తెలుసు, అందుకే నవ్వొచ్చినా ఆపుకున్నాను.

"అసలుది ఎక్కడుంది నాయనా?"

"మూడో వరస చివర. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నరకి తెచ్చి దించారు. రాత్రిలోగా ఆకుపచ్చ వేసెయ్యమన్నారు. తడి ఆరలేదు, చెయ్యి పెట్టకండి."

చెయ్యి పెట్టకుండా ఎలా? గడియ లేదు కాబట్టి తలుపులకి తీగె చుట్టి ఉంది. నా కత్తెరతో తీగె తెంపాను. రెండు చేతులూ ఆకుపచ్చ అయ్యాయి. ఇద్దరం లోపలికెక్కాం. లోపల బల్లల మీద ట్రంపెట్లు, క్లారినెట్లు, మూల ముద్దుగా కూర్చున్న పెద్ద డ్రమ్ము. బ్యాండువాళ్ళు దాన్ని ఏనుగు అని పిలుస్తారు, దాని ముసుగు కూడా నేనే కుట్టాను. ఆనందం పట్టలేక దాన్ని వాటేసుకున్నాను.

అప్పుడే తలుపులు మూసుకున్నాయి.

బయట తీగె బిగుస్తున్న చప్పుడు. ఆ వెంటనే ఓనరు గొంతు: "క్రేను పట్రా! ఇది ఇప్పుడే లారీ ఎక్కాలి, ఊరు దాటాలి!"

అరిచాను. గుద్దాను. క్రేను ఇంజను మోతలో నా అరుపు నాకే వినపడలేదు. నా భార్యకి నేను ఏమి జవాబు చెప్పాలి, అదీ వాళ్ళమ్మని వెంటబెట్టుకుని?

"అల్లుడుగారూ, బిళ్ళ" అన్నారు చీకట్లోంచి. "అరవకండి. ఆ బిరడా తీసెయ్యండి."

బల్లెక్కి బిరడా పీకాను. సన్నటి వెలుతురు నిటారుగా దిగి నేల చెక్కల మీద నాణెమంత చుక్కై పడింది. బ్యాండువాళ్ళ భోజనాల వేళ. ఆ చుక్క పడిన చెక్కకి నాలుగు మరలూ కొత్తవి. పక్కనున్న ఏ చెక్కకీ అలాంటివి లేవు.

"చూడండి, ఈ వెలుతురు నెల రోజులుగా రోజూ ఇక్కడే వేలు పెట్టి చూపిస్తోంది, పాపం" అన్నారు అత్తగారు.

కత్తెర మొన విరిగింది గానీ చెక్క లేచింది. కింద గుడ్డలో చుట్టిన ఇనప రేకులు, అరచెయ్యంత ప్లేట్లు. ప్రతి కంటైనర్ తలుపుకీ ఒకటి రివిట్ కొట్టి ఉంటుంది, దాని నంబరు చెక్కి. ఇరవై ఎనిమిది ఉన్నాయి. ఇరవై ఎనిమిది మంది సామాన్లతో సహా పోగొట్టుకున్న ఇరవై ఎనిమిది డబ్బాలు, రంగు మార్చి, నంబరు మార్చి, పాత కంటైనర్లుగా అమ్ముడైపోయాయి. ఆనవాలు పారేస్తే ఎవరికైనా దొరుకుతుందని ఓనరు దాచుకున్న చోటునే, సంగతి తెలియని గుమస్తా అమ్మేశాడు!

ఒక ప్లేటు వెలుతుర్లో పెట్టి చదివాను. చివరి అంకె దాకా పోకముందే గుర్తుపట్టాను. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. పదకొండేళ్ళుగా మా ఇంట్లో ప్రతి భోజనం చివరా మా నాన్న దాన్ని అప్పజెపుతాడు. ఆయన ఉద్యోగంలో తేలని ఒకే ఒక్క కేసు అది. ఒక అనాథాశ్రమానికి వెళ్ళాల్సిన కుట్టు మిషన్లతో పోయిన కంటైనర్.

అప్పుడే నేల కదిలింది. డబ్బా గాల్లోకి లేచింది. ట్రంపెట్లు గలగలమంటూ ఒక పక్కకి దొర్లాయి, వాటితో పాటు అత్తగారు కూడా.

"డ్రమ్ము!" అన్నారు ఆవిడ.

కర్రలు తీసుకుని ఏనుగు ముందు కూర్చున్నాను. ఏం వాయించాలి? నాకు సంగీతం రాదు. వచ్చిన దరువు ఒక్కటే. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే మా నాన్న డాబా మీద నాచేత కవాతు చేయిస్తూ పళ్ళెం మీద కొట్టిన దరువు. ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. నా బలమంతా పెట్టి బాదాను.

బయట ఏం జరిగిందో తర్వాత పెయింటరు చెప్పాడు, నవ్వు ఆపుకోలేక. స్కూటరు తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చిన మా నాన్నతో ఓనరు అన్నాడట, "మీవాళ్ళు ఇటు రాలేదండీ" అని. నాన్న నమ్మి వెనుతిరగబోయాడట. అంతలో ఆకాశంలోంచి దరువు. మా నాన్న కాళ్ళు ఆయన మాట వినలేదట. స్కూటరు వదిలేసి, ఎడమ కుడి అంటూ అక్కడే కవాతు మొదలెట్టాయట. నాలుగడుగులు వేశాక ఆగి, తల పైకెత్తి, గాల్లో ఊగుతున్న ఆకుపచ్చ డబ్బాని చూశాడట.

"అది మావాడి చెయ్యి!" అని ఆయన పెట్టిన కేకకి క్రేను డ్రైవరు ఇంజను ఆపేశాడు.

డబ్బా నెమ్మదిగా దిగింది. తలుపులు తెరుచుకునేసరికి మా నాన్న ఒక చేత్తో ఓనరు కాలరు పట్టుకుని, రెండో చేత్తో నా భుజం తడిమి చూశాడు. నా చొక్కా నిండా ఆకుపచ్చ. ఆయనకి కూడా అంటింది. పట్టించుకోలేదు.

"మీరు ఈ యార్డు వైపు చూడకుండా ఉండాలనే కదా మిమ్మల్ని పెట్టుకున్నాడు, వీణ్ణే అడగండి అన్నయ్యగారూ" అన్నారు అత్తగారు జుట్టు సరిచేసుకుంటూ, "తర్వాత. ముందు ఇది చూడండి."

ప్లేటు నాన్న చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పెదవులు కదిలాయి, రోజూ అప్పజెప్పే పాఠమే. చివరికొచ్చేసరికి ఆగిపోయాయి.

"మూడు, ఎనిమిది, సున్నా కదరా? ఇక్కడ మూడు, ఎనిమిది, ఏడు అని ఉందేంటి?"

"చివరి అంకె చుట్టూ ఎప్పుడూ చదరంగా గీత గీస్తారండీ" అన్నాడు పెయింటరు వినయంగా, పక్కనుంచి. "డబ్బా మీద లోపలి అంకె చెరిగిపోతే గీత ఒక్కటే మిగులుతుంది. చూసేవాళ్ళు సున్నా అనుకుంటారు."

నాన్న ఆ ఏడుని బొటనవేలితో రుద్ది చూశాడు. ఫొటోలో చూసి రాసుకున్న ఆ సున్నాతో పదకొండేళ్ళు అన్ని రేవులకీ ఉత్తరాలు రాశాడు. అలాంటి నంబరే లేదని అన్ని రేవుల నుంచీ జవాబు. ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఇంతలో ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, ఓనరు కాలరు వదలకుండా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"చెల్లెమ్మా! వీడు లేని చిల్లికి సున్నా చుట్టాడు, నేను ఉన్న ఏడుని సున్నా చేశాను!"

సాయంత్రం ఐదింటికి ఒక్క నిమిషం ముందు పార్కు గేటు దగ్గర ఇరవై రెండు కొత్త యూనిఫారాలు వరసకట్టాయి. ఒక్క ప్యాంటు కూడా పొట్టి కాలేదు, అది కూడా రాసుకోండి. మాస్టారు కర్ర రెండు చేతులా ఎత్తి కూతురికి ఇచ్చారు. ఇచ్చేముందు పొన్నుని చివరిసారి తుడిచారు.

జనంలోంచి మా నాన్న ముందుకొచ్చాడు. చొక్కా మీద ఆకుపచ్చ మరక అలాగే ఉంది. ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడి మడమలు కలిపి సెల్యూట్ చేశాడు.

"నా కూడిక తప్పమ్మా" అన్నాడు, అందరికీ వినపడేలా.

అమ్మాయి అంతకంటే బిగువుగా తిరిగి సెల్యూట్ చేసి, కర్ర గాల్లోకి విసిరి పట్టుకుంది. ఏనుగు మోగింది. మా నాన్న ఎడమ కాలు ముందుకు పడింది, ఈసారి ఆయన ఆపలేదు.

అత్తగారు నా పక్కన నిలబడి సంచిలోంచి మిగతా ఇరవై ఏడు ప్లేట్లూ తీసి ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నారు. ఒకదాని దగ్గర ఆగి, నా వైపు చూడకుండా చెయ్యి చాపారు, బిళ్ళ కోసం. నేను ఆ ప్లేటు మీది నంబరు చదివాను. అదే నంబరు, అదే వరసలో, మా ఎదురుగా పార్కు ప్రారంభోత్సవం వేదికగా కొత్త రంగు వేసి నిలబెట్టిన కంటైనర్ తలుపు మీద, పూలదండల కింద, కొత్త రంగులోంచి పైకి తేలిన పాత అంకెలుగా సగం కనిపిస్తోంది. దాని తలుపు తీగెతో కట్టి ఉంది, లోపలినుంచి ఎవరో మెల్లగా కొడుతున్నారు. ఇవాళ యార్డులో ఎక్కడా కనపడని గుమస్తా అప్పుడు గుర్తొచ్చాడు నాకు.